లెక్కల నోటు మీద కూర్చున్న పిల్ల

మా నాయన చిత్తూరు బజారు వీధిలో పుస్తకాలకు బైండింగు చేసేవాడు. ఊరి గ్రంథాలయంలో చిరిగిపోయిన పుస్తకాలన్నీ మూటలుగా మా కొట్టుకు వచ్చేవి. పాత అట్ట ఊడదీసి, దారాలు కోసి, కాగితాలను కట్టలుగా విడదీసి పెట్టేవాడు. మళ్ళీ కుట్టేలోపు ఆ కట్టలు నావి. కొన్ని నవలలను నేను మధ్యలో మొదలుపెట్టి చదివాను. మొదటి కట్టకు అప్పటికే జిగురు పూసి ఆరబెట్టేసి ఉండేవాడు మరి. పదో తరగతి తర్వాత నన్ను బడి మానిపించారు గానీ మూటలు రావడం ఆగలేదు, నా చదువూ ఆగలేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు, భూగోళం, చరిత్ర అన్నీ అక్కడివే. ఈ మాట ఎవరికి చెప్పినా కాస్త గర్వంగానే చెబుతాను.

పెళ్ళయి తిరుపతికి వచ్చాక ముందు గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కున్నాను, తర్వాతే కూరగాయల అంగడి. మా ఆయన రేణిగుంటలో ఒక గోడౌనుకు వ్యాను నడుపుతారు. నేను ఇంటికి దగ్గర్లోని చిన్న బడిలో ఆయాగా చేరాను. పేరుకే ఆయా. పలకలు తుడవడం దగ్గర నుంచి, వెనకబడిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు దిద్దించడం దాకా అన్నీ నా పనులే. పదమూడేళ్ళు చేశాను.

గ్రంథాలయంలో ఎవరూ తెరవని ఒక బీరువాలో స్వాహిలీ నేర్పే పాత ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. ఊరికే తిప్పి చూస్తే లోపల మా ఇంటి మాటలు. కితాబు, కలాము, దునియా. మేం ఇంట్లో మాట్లాడే ఉర్దూకూ, ఎక్కడో సముద్రం అవతలి భాషకూ అరబ్బీ చుట్టరికం ఉందని ఆ రోజు తెలిసింది. ఇక వదలలేదు. పదిహేను రోజులకొకసారి ముద్ర వేయించుకుంటూ ఏడాదిన్నర పాటు ఆ పుస్తకాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. అడిగినవాళ్ళు లేరు.

చదువు రాని ఆడవాళ్ళకు సాయంత్రాలు పాఠాలు చెప్పే ఒక సంఘానికి నేను సాయానికి వెళ్ళేదాన్ని. ఆ సంఘం వాళ్ళు టాంజానియా సముద్రపు ఒడ్డున ఒక పల్లె బడికి ఏడు నెలల పాటు సహాయకురాలిగా వెళ్ళేవాళ్ళు కావాలన్నారు. డిగ్రీ చదివినవాళ్ళు ఇద్దరు చెయ్యెత్తారు. భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మాయి అప్పటికే వేలూరులో నర్సింగు చదువుతోంది, ఇంట్లో నా కోసం ఆగిపోయే పనులు లేవు. మా ఆయనకు చెప్పాను.

"యాడికీ? ఆఫ్రికాకా? గూడూరులో రైలు మారాలంటే ఏ ప్లాట్‌ఫారమని నాకు ఫోను చేస్తావు. ఇప్పుడు సముద్రం దాటి పోతాదంట!"

"గూడూరు గురించి పుస్తకం లేదు కదబ్బా. దీనికి ఉండాది."

"ఆ పుస్తకంలో దోమలుంటాయా? మలేరియా ఉంటాదా?"

"ఉండాది. పదకొండో పాఠం. ఆస్పత్రిలో డాక్టరుకు ఏం చెప్పాలో అంతా ఉండాది."

ఆయన నవ్వేశారు. ఆయన నవ్వితే ఒప్పుకున్నట్టే.

ఆ పల్లె టాంగా పట్నానికి దక్షిణాన, కొబ్బరి చెట్ల మధ్య ఉంది. మొదటి రోజు ఉదయం ప్రార్థన దగ్గర మగపిల్లలందరూ గుండ్లతో వరసగా నిలబడి ఉంటే నాకు అలిపిరిలో బస్సు దిగినట్టే అనిపించింది. జుట్టు పెంచకూడదని బడి నియమమట. ఇన్నేళ్ళు తిరుపతిలో ఉన్నదానికి గుండ్లు కనపడితే కొత్త ఊరనే బెరుకే పోయింది. మధ్యాహ్నం ఉగాలి పెట్టారు. తుంచి చూస్తే సంగటి. రాగులకు బదులు మొక్కజొన్న పిండి, అంతే తేడా. ముద్దకు బొటనవేలితో గుంట చేసి పులుసు అందుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. అందరూ నన్ను దాదా అని పిలిచారు. వాళ్ళ భాషలో దాదా అంటే అక్క. మా ఇంట్లో దాదా అంటే నాన్నకు నాన్న. నలభై ఆరేళ్ళకే తాతనైపోయానని ఫోనులో చెబితే మా ఆయన నాలుగు రోజులు అదే చెప్పుకుని నవ్వారు.

నన్ను నాలుగో తరగతికి వేశారు. ఎనభై మందికి పైగా పిల్లలు, ఒక టీచరు. ఆమె నా కంటే పదిహేనేళ్ళు చిన్నది, గొంతు మాత్రం మైదానం దాటి వినిపించేది. ఆమె నల్లబల్ల మీద లెక్క వేస్తే, నేను వెనక వరసల్లోకి వెళ్ళి ఎవరికి అర్థం కాలేదో చూసి పక్కన కూర్చుని చెప్పేదాన్ని. పెన్సిళ్ళు చెక్కడం, నోట్లు దిద్దడం కూడా నాదే. పదమూడేళ్ళుగా చేసిన పనే, వేరే భాషలో. అక్కడివాళ్ళు అన్న మాటలు నాకు మా చిత్తూరు మాటల్లోనే గుర్తుండిపోయాయి, అలాగే రాస్తాను.

"నువ్వు మాట్లాడతా ఉంటే రేడియోలో వార్తలు సదివినట్టే ఉంటాది దాదా," అని ఆ టీచరు ఎగతాళి చేసేది. "నిన్న బజార్లో చేప కొంటా కూడా అట్లే మాట్లాడినావంట. చేపలామె లేచి నిలబడిందంట!"

నేను కోపం తెచ్చుకోలేదు సరికదా, లోలోపల సంతోషించాను. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతున్నానంటే సరిగ్గానే మాట్లాడుతున్నానని.

ఆ తరగతికి బల్లలు లేవు. బల్లలు పై తరగతులకు సరిపోయినన్నే ఉన్నాయి. పిల్లలు నేల మీదే కూర్చునేవాళ్ళు, నేను చిత్తూరులో చదివిన బడిలాగే. అది నాకు వింతగా తోచలేదు. అక్టోబరులో చిన్న వానలు మొదలయ్యాయి. పిల్లల కాళ్ళతో ఎర్రమన్ను గదిలోకి వచ్చి చేరింది. ఒక మధ్యాహ్నం భాగహారాలు చేయిస్తూ వెనక వరసకు వెళ్ళాను. అక్కడ గోడకు ఆనుకుని కూర్చునే ఒక పిల్ల ఉంది. పదేళ్ళుంటాయి. మాట తక్కువ, లెక్క ఎక్కువ. సమాధానం వచ్చాక కూడా నోరు విప్పేది కాదు, వేలితో చూపించేది. ఆ రోజు పలక మీద లెక్క చేస్తోంది. నోటు పుస్తకమేదని చూస్తే దాని మీద కూర్చుని ఉంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. వంగి ఆ పిల్ల కింద నుంచి నోటు పుస్తకాన్ని లాగాను. మన్ను దులిపాను. కళ్ళకద్దుకున్నాను. అద్దుకుని, తప్పు లేని స్వాహిలీలో, గది మొత్తానికి వినిపించేలా, "పుస్తకం మీద కూర్చోరాదు. పుస్తకం చదువు. చదువు మీద ఎవరూ కూర్చోరు" అన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. నా మాట అంత బాగా అందిందనుకున్నాను. నోటు ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను. ఆ పిల్ల తల దించుకుని, తడి నేల మీద అలాగే సాయంత్రం దాకా కూర్చుంది.

ఆ రోజు ఇంటికి ఫోను చేసి ఇదంతా మా ఆయనకు గొప్పగా చెప్పాను. మా నాయన ఉంటే మెచ్చుకునేవాడని కూడా అన్నాను.

మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక హెడ్‌మాస్టరు వరసల మధ్య తిరుగుతూ గోళ్ళు, బట్టలు చూశారు. రోజూ చూస్తారు. ఆ పిల్ల ముందు ఆగారు. ఆడపిల్లలందరూ యూనిఫారం మీద తెల్ల ముసుగు వేసుకుంటారు. ఆ పిల్లది ఎవరో పెద్దవాళ్ళది, నడుం కిందికి దిగి ఉంటుంది. దాని అంచంతా ఎర్రగా మరకలు. ఆయన కోప్పడలేదు. ఉతుక్కుని రమ్మని చెప్పి పంపేశారు. పిల్ల గేటు దాటి వెళ్ళిపోయింది. ఆ రోజు రాలేదు. మర్నాడు రాలేదు. మూడో రోజూ రాలేదు.

మూడో రోజు టీ వేళకు టీచరునడిగాను. ఆమె కప్పు కింద పెట్టి నా వైపు చూసింది.

"నీకు తెలీదా దాదా? వానలు పడితే పిల్లోళ్ళు నోటు పరుసుకొని కూసుంటారు. ముసుగు మురికైతే పొద్దున ఇంటికి పంపిస్తారని. ఎండలొస్తే మానేస్తారు. ఆ పిల్లకుండేది ఒకే ముసుగు."

"మరి చదువు మీద కూర్చోవడం..."

"ఖురాను మీద ఎవురన్నా కూసుంటారా? మాకు తెలీదా ఆ మాత్రం? అది లెక్కల నోటు దాదా."

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మా ఇంట్లో అందరూ చేస్తారు. అది మా మతం నేర్పిందేనని నలభై ఆరేళ్ళుగా నమ్మాను. పక్కింటి వాళ్ళు సరస్వతి అనుకుని చేస్తారని, మేం ఇల్మ్, అంటే విద్య, అనుకుని చేస్తామని అనుకున్నాను. ఇక్కడ ఊరంతా నమాజు చేసేవాళ్ళే, ఒక్కరికీ ఆ అలవాటు లేదు. అది మతం కాదు, చిత్తూరు. ఎన్ని పుస్తకాలు చదివినా ఇది ఎక్కడా రాసి లేదు.

టీచరు ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ పిల్ల నాలుగో తరగతి రెండోసారి చదువుతోంది. పోయినేడాది పరీక్షల వేళకు జ్వరం వచ్చి రాయలేదు. ఇంకా పది రోజుల్లో పరీక్ష. ఈసారి కూడా తప్పితే, ఆ పిల్లను పెంచుతున్న అవ్వ మళ్ళీ బడికి పంపదు. పట్నంలో పిన్నికి పసిబిడ్డ ఉంది, ఎత్తుకునే మనిషి కోసం ఇప్పటికే కబురు పెడుతోంది.

"నువ్వు పోయి మాట్లాడు," అంది టీచరు. "నేను పోతే అవ్వ నన్ను తిడతాది. నిన్నయితే పరాయిదానివని కొంచెం తగ్గించి తిడతాది."

సాయంత్రం బడి వదలగానే వెళ్ళాను. మట్టిగోడల ఇల్లు, పైన కొబ్బరాకు కప్పు. అక్కడ తలుపు కొట్టరు. వాకిట్లో నిలబడి "హోడి" అంటారు. లోపలివాళ్ళు "కరీబు" అంటే రమ్మని. నేను మూడుసార్లు అన్నాక గానీ ఆ మాట రాలేదు.

అవ్వ అరుగు మీద చాప అల్లుతోంది. ఆ ఆకు చూడగానే గుర్తుపట్టాను, మా వైపు ఈతాకుకు చెల్లెలిలా ఉంది. వేళ్ళు ఆపకుండానే నన్ను ఎగాదిగా చూసింది.

"ఓహో, పుస్తకాన్ని ముద్దుపెట్టుకునే మువాలిమువి నువ్వేనా?" మువాలిము అంటే టీచరు. "మా ఈదిలో పిల్లోళ్ళంతా ఇప్పుడు అదే ఆట. అట్ట ముక్క కనపడితే సాలు, కండ్లకద్దుకుంటారు."

నేను వంగి "శికమూ" అన్నాను. పెద్దవాళ్ళకు చెప్పే దండం అది. మీ కాళ్ళు పట్టుకుంటున్నానని దాని అర్థం. మొదటి పాఠంలోనే నేర్చుకున్న ఆ మాటను ఆ రోజు అర్థం తెలిసి అన్నాను.

"మరహబా," అని బదులిచ్చింది. "కాళ్ళు పట్టుకునేంత పనేమీ లేదులే. కూసో."

"ముసుగు మరక పోలేదా అవ్వా?"

"ఆ పొద్దే పోయింది. ఉతికి ఆరేసినా. గుడ్డదేముండాదమ్మా." ఆమె వేళ్ళు ఆగాయి. "అది ఇంటికొచ్చి ఏమనిందో తెలుసునా? 'నేను కూసుంటే పుస్తకం అంటు పడతాదంట అవ్వా. నా కింద నుంచి లాగి, దులిపి, కండ్లకద్దుకొని శుద్ధి చేసుకున్నాది' అనింది. సెప్పు మువాలిమూ, నా మనవరాలు అంత మురికిదా?"

అంటు అనే మాట ఆమెది కాదు. ఆమె అన్న మాటకు నాకు దొరికిన తెలుగు అదే. ఒక మనిషి ముట్టుకున్న వస్తువును లాక్కుని శుద్ధి చేసుకోవడం అంటే ఏమిటో ఆ అవ్వకు తెలిసింది కొంతే. మా దేశంలో పుట్టినదాన్ని, నాకు పూర్తిగా తెలుసు. క్షమాపణ ఎలా అడగాలో ఆరో పాఠంలో ఉంది. ఆ వాక్యం చెప్పాను. రేడియో వార్తలాగే వినిపించింది, నాకే.

వాక్యాలు వదిలేశాను. అటూ ఇటూ చూస్తే గోడ దగ్గర కొబ్బరి కోరే పీట కనిపించింది, కూర్చునే చెక్కా దాని కొసన ఇనుప కోరూ, అచ్చం మన ఇళ్ళల్లో ఉండేలాంటిదే. దాన్ని దగ్గరికి లాక్కుని మా నాయన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. బైండింగుకు స్వాహిలీలో ఏమంటారో నాకు తెలియదు, చేతులతోనే చెప్పాను. మా నాయనకు మొదట్లో ఇనుప ప్రెస్సు లేదు. జిగురు పూసిన పుస్తకాలు వంకర పోకుండా పైన బరువుండాలి. అందుకని పుస్తకాలు దొంతరగా పేర్చి, పైన మందపాటి చెక్క వేసి, దాని మీద నన్నూ మా అన్ననూ కూర్చోబెట్టేవాడు. గంట సేపు కదలకూడదు. మేమే ప్రెస్సు. బరువు చాలలేదనిపిస్తే ఒళ్ళో చెరో ఇటుకా పెట్టేవాడు. ఇది చూపించడానికి గూట్లో ఉన్న ఏదో నోటు తీసి పీట కింద పెట్టి, పీటెక్కి, ఒళ్ళో చెంబు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను.

అవ్వ చాప పక్కన పెట్టింది.

"అట్లయితే నువ్వూ పుస్తకాల మీద కూసున్నదానివే!"

"మధ్యలో చెక్క ఉండె కదవ్వా."

"మా పిల్లకు మధ్యలో ముసుగు ఉండె కదమ్మా!"

చెంబు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తలుపు వెనక నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. పిల్ల అంతసేపూ అక్కడే నిలబడి ఉందన్నమాట. అవ్వ కూడా నవ్వింది. పిల్ల బయటికి వచ్చి, పీట కింద నుంచి నోటు లాక్కుని చూసుకుంది. అది తన లెక్కల నోటే.

"బడికి రా," అన్నాను. "పరీక్ష ఉంది. నీకు లెక్కలు నా కంటే బాగా వచ్చు."

పిల్ల నోటు మూసి చంకలో పెట్టుకుంది. ఆ తర్వాత నా ముందు నోరు విప్పి అన్న మొదటి పూర్తి మాటలు ఇవే.

"నువ్వు కూసో. రేపు. అందరి ముందరా. నీ పుస్తకం మీద. చెక్క లేకుండా. అప్పుడు వస్తా."

"ఏందే ఆ మాటలు! పెద్దోళ్ళకు షరతులు పెడతావా?" అని అవ్వ గదిమింది. గదిమిందే గానీ పిల్లను మాట వెనక్కి తీసుకోమనలేదు. నా జవాబు కోసం ఆమె కూడా చూస్తోంది. చూస్తానని చెప్పి వచ్చేశాను.

నా పుస్తకమంటే ఒక్కటే. గ్రంథాలయం పుస్తకాన్ని ఊరు దాటించకూడదు కాబట్టి, బయల్దేరే ముందు మొత్తం పాఠాలన్నీ నా చేత్తో ఒక లావుపాటి నోటులోకి ఎక్కించుకున్నాను. దాన్ని నేనే కుట్టి, నేనే గట్టి అట్ట వేశాను. దారిలో ఫోను పట్టుకుని మా ఆయనకు జరిగిందంతా చెప్పాను, ఈసారి గొప్పగా కాదు.

"ఏమ్మే, దీనికి ఇంత బాధా?" అన్నారు. "నేను దినామూ వ్యాను సీట్లో బిల్లు పుస్తకాల మీదనే కూసుని పోతాండా."

"యా అల్లా! అద్దుకోరా?"

"బండి నడపాలా, అద్దుకోవాలా?" అని, గొంతు తగ్గించి, "ఆ పాప పరీక్ష పోతే మళ్ళా వస్తాదా?" అన్నారు.

"రాదు."

"నీ నోటు మీద కూసుంటే అక్షరాలు పోతాయా?"

"పోవు."

"మరి గమ్మున పోయి కూసో."

పొద్దున బడికి వెళ్ళాక టీచరుకు చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నాకు గోడ పక్కన వెనక వరసలో చోటు చూపించింది. పిల్ల ముసుగు ఉతుక్కుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. హెడ్‌మాస్టరు అటు పోతూ ఆగి, "ఉతుక్కోని రమ్మంటినే గానీ రావద్దన్నానా తల్లీ?" అన్నారు. అయినా కదల్లేదు. నన్నే చూస్తోంది.

నోటు నేల మీద పెట్టాను. ఎనభై మంది మెడలు తిప్పారు. నా మోకాళ్ళు వంగాయి గానీ నడుం వంగడానికి ఒప్పుకోలేదు. ఒక్క క్షణం గాల్లోనే ఉండిపోయాను. ముందు వరసలో ఎవరో "కూసుంటాండాది, కూసుంటాండాది" అని గుసగుసగా వ్యాఖ్యానం చెబుతున్నారు. బిస్మిల్లా అనుకుని కూర్చుండిపోయాను. కింద గట్టి అట్ట, ఒక అంచు గుచ్చుకుంటోంది. ఆ అంచు నేనే కోశాను, సరిగ్గా తిన్నగా రాలేదు. ఏడాదిన్నర చదువంతా నా కింద ఉంది, నేను తల ఎత్తలేకపోతున్నాను.

పిల్ల వచ్చి నా పక్కన తన నోటు పరిచి కూర్చుంది. టీచరు నల్లబల్ల వైపు తిరిగి నాలుగంకెల భాగహారం వేసింది.

ఓ పావుగంట దాకా నాకు నోటు తప్ప ఏదీ గుర్తు లేదు. అప్పుడు నా ముందు కూర్చున్న ఒకమ్మాయి శేషాన్ని కిందికి దింపడం మరిచిపోయింది. కూర్చున్నచోటి నుంచే చెప్పబోయాను, ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ముందుకు వంగి పలక తీసుకుని చేసి చూపించాను. ఆ తర్వాత ఇంకొకరికి. గంట కొట్టేసరికి నేను దేని మీద కూర్చున్నానో మరిచిపోయాను. లేచి నోటు చేతిలోకి తీసుకున్నాక గానీ గుర్తు రాలేదు. గుర్తొచ్చేలోపే నా చేయి దాన్ని కళ్ళ దాకా తీసుకెళ్ళిపోయింది.

గది పగిలిపోయేలా నవ్వారు. ఒక్కొక్కరే కింద నుంచి నోట్లు తీసి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. కొందరు పలకలు కూడా అద్దుకుని ముఖాలంతా సుద్ద పూసుకున్నారు. టీచరు నల్లబల్ల మీద కొట్టి కొట్టి ఆఖరికి తనూ నవ్వింది. పక్కనున్న పిల్ల మాత్రం అద్దుకోలేదు. నోటును సంచిలో పెట్టుకుని, "రేపు కూడా కూసుంటావా?" అంది.

"ఒక రోజనే కదా అన్నావు."

కాసేపు లెక్క వేసుకున్నట్టుగా ఆలోచించి, "సరే," అంది.

ఆ పది రోజులూ సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఆకు చీల్చే పని ఇచ్చింది. నేను చీల్చిన ఆకులు వెడల్పుగా ఉన్నాయని విసుక్కుంటూ, "పుస్తకాలు సదివిన చేతులు ఇంతే" అని పక్కన పారేసేది. పిల్ల అరుగు మీద బోర్లా పడుకుని లెక్కలు చేసేది. నేను చెప్పిన పద్ధతిలో ఒక్కసారి చేసి చూపించి, ఆ తర్వాత తనకు నచ్చినట్టు చేసేది. రెండు రకాలా జవాబు ఒకటే వచ్చేది. అన్నిటికన్నా హాయిగా గడిచిన సాయంత్రాలు అవి. మా ఆయన ఫోను చేస్తే అవ్వ కూడా మాట్లాడేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ నా మీద ఫిర్యాదులు చెప్పుకుంటున్నారని నాకు బాగా అర్థమయ్యేది.

పరీక్ష రోజున పై తరగతుల బల్లలు తెచ్చి వేశారు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నేనూ అవ్వా బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. అవ్వ చాప పని కూడా తెచ్చుకుంది గానీ, ఆ పూట ఒక్క వరస కూడా అల్లలేదు. అల్లిన దాన్నే విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చుంది. నేను చూడనట్టు ఉన్నాను.

గంట కొట్టాక పిల్ల బయటికి వచ్చింది. ఎలా రాశావని నేను అడిగేలోపే, "ఆరో లెక్క నువ్వు సెప్పినట్టు చేయలే, టీచరు సెప్పినట్టు చేసినా" అంది.

"ఎందుకు?"

"నీది పొడుగు."

అవ్వ చాప చుట్టి చంకలో పెట్టుకుని లేచింది. "పదండి, ఆకలి కాదా మీకు?" అంది, ఇద్దరినీ కలిపి.

నేను తిరుపతికి బయల్దేరే ముందు వారం ఫలితాలు గోడకు అంటించారు. పిల్ల పేరు వెతకడానికి నాకు కళ్ళజోడు తీసుకునే తీరిక కూడా ఇవ్వకుండా, తనే వేలు పెట్టి చూపించింది. ఐదో తరగతి. అవ్వకు చదువు రాదు. ఆ వేలు ఉన్నచోట తన వేలు పెట్టి, "ఇదేనా? ఇదేనా?" అని రెండుసార్లు అడిగి, పిన్నికి కబురు పెట్టాలి, బిడ్డను ఎత్తుకోవడానికి వేరే మనిషిని చూసుకోమని చెప్పాలంటూ గబగబా వెళ్ళిపోయింది.